ఇరవై గొలుసుల పందెం

అరకు లోయలో ఒక గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మాది విజయనగరం వైపు. బదిలీ మీద ఇక్కడికి వచ్చిన మొదటి వేసవిలో, ఒక సాయంత్రం ఆటలు ముగించి సామాను గదికి తాళం వేస్తుంటే గేటు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారని వాచ్‌మన్ చెప్పాడు. వెళ్లి చూస్తే సంత వీధిలో మోటారుసైకిళ్లు బాగుచేసే మెకానిక్. నా బండికి చైను మార్పించుకున్నప్పుడు ఒకసారి చూశాను. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. నలభై దాటాయి. ఎంత కడిగినా గోళ్ల చివర నలుపు పోదు.

"మేస్టారూ, మీ కాడ సెకన్లు కొలిసే వాచీ ఉన్నాదంట కదా," అన్నాడు.

"ఉంది. ఏం?"

"ఇటుకల పండగెల్లిన ఆదివారం మాకు బళ్ల పందెం. డ్రాగ్ రేసంటారు. ఇన్నాళ్లూ సెల్లుఫోన్లో సూసుకుంటన్నాం. ఒకడు ఒకలాగ నొక్కుతాడు, ఇంకోడు ఇంకోలాగ నొక్కుతాడు. తగువులొత్తన్నాయి. మీరు మాలో ఎవులికీ సుట్టం కాదు. మీరొచ్చి నొక్కితే ఎవులూ మాటాడరు."

ఇటుకల పండగ ఇక్కడి గిరిజనులు చైత్రంలో చేసుకునేదని తెలుసు కానీ, డ్రాగ్ రేసు అనే మాట నేను అంతకు ముందు వినలేదు. అతనే వివరించాడు. రెండు బళ్లు పక్కపక్కన నిలబడతాయి. జెండా పడగానే బయల్దేరతాయి. తిన్నటి దారి, మలుపులుండవు. ముందు గీత దాటినవాడు గెలిచినట్టు. ఇరవై సెకన్లలో అంతా అయిపోతుంది. ఇరవై సెకన్ల కోసం ఇంత హడావుడి ఏమిటా అనుకుంటూనే ఒప్పుకున్నాను.

పందెం జరిగే చోటు మా స్కూలుకు మూడు కిలోమీటర్లు. కొత్త హైవే వేసినప్పుడు మలుపు సరిచేశారు. దాంతో పాత రోడ్డు ముక్క ఒకటి చోడి చేల, అంటే రాగి చేల మధ్య ఎవరికీ అక్కర్లేకుండా మిగిలిపోయింది. ఒక చివర మలుపు, రెండో చివర గెడ్డ, అంటే కొండవాగు. గెడ్డ మీది పాత వంతెన ఎప్పుడో కొట్టుకుపోయింది. నడుమ ఉన్న దారి మాత్రం చాకు పెట్టి కోసినట్టు తిన్నగా ఉంటుంది.

ఆ పందెం బళ్లకంటే పాతది. కొండ మీది ఊళ్ల నుంచి సంతకు సరుకు మోసుకొచ్చే పొట్టి గుర్రాలను పండగ రోజుల్లో అక్కడే పరిగెత్తించేవారట. అప్పుడది మట్టి దారి. భూములు కొలవడానికి వచ్చిన సర్వేయరు ఒకాయన తన కొలత గొలుసుతో దూరం కొలిచి ఇచ్చాడని చెబుతారు. ఇరవై గొలుసులు. దారి పక్కన అమ్మవారి రాయి ఒకటుంది. ఆ రాయి దగ్గర పందెం ముగియాలి. అక్కడి నుంచి వెనక్కి ఇరవై గొలుసులు కొలిస్తే వచ్చేది మొదలు గీత. గుర్రాల తర్వాత జీపులు వచ్చాయి, జీపుల తర్వాత బైకులు వచ్చాయి. దూరం మాత్రం మారలేదు.

"ఇరవై గొలుసులంటే సరీగా పావు మైలు మేస్టారూ," అన్నాడు మెకానిక్ ఆ మొదటి రోజునే. "దేశదేశాల్లోనూ ఈ పందెం పావు మైలే. ఆళ్లు మమ్మల్ని సూసే పెట్టుకున్నారేమో."

ఆ మాట అన్నప్పుడల్లా నవ్వేవాడు కానీ, ఆ దూరమంటే అతనికి గర్వం. అతనికే కాదు, అందరికీ. పావు మైలు అని కూడా అనరు. ఇరవై అంటారంతే. "ఇరవై ఎంతలో తీసేవు?" అని అడుగుతారు. అతని షాపు గోడకు నల్ల రంగు వేసిన రేకు ఒకటి వేలాడుతుంది. దాని మీద తెల్ల రంగుతో పేర్లు, సెకన్లు. పైన మొదటి పేరు అతనిదే. తన పాత టూ స్ట్రోక్ బండి మీద ఇరవై గొలుసులు పదిహేను సెకన్ల నాలుగులో తీశాడు. రెండో పేరు హుకుంపేట నుంచి వచ్చే జీపు డ్రైవరుది. అతనిదీ బైకు మీదే, పదిహేను తొమ్మిది.

నేను ఏటా వెళ్లడం మొదలుపెట్టాను. పంచాయతీ వాళ్లు, పోలీస్ స్టేషన్ వాళ్లు ఒక పూటకు ఒప్పుకునేవారు. హెల్మెట్ లేనివాణ్ణి గీత దగ్గరికి రానిచ్చేవారు కాదు. పొద్దున్నే దారి ఊడ్చేవారు. దిసారి, అంటే ఊరికి ముహూర్తాలు చూసి పూజలు చేసే పెద్దాయన, అమ్మవారి రాయికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టేవాడు. నేను సున్నంతో గీతలు వేసి, రాయి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. ఆ చివర జెండా పడటం, శబ్దం వచ్చేలోపే బండి కదలడం, చూస్తుండగానే అది పెద్దదై నా ముందు నుంచి గాలిని చీల్చుకుంటూ పోవడం... రెండో ఏడాదికే నాకూ ఆ పిచ్చి అంటుకుంది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. నా చూపు గీత మీదే ఉన్నా, గీత దాటాక ఏం జరుగుతోందో కూడా కనిపించేది. రాయి నుంచి గెడ్డకు తొమ్మిది గొలుసుల దూరం. నూట ఎనభై మీటర్లు. మొదట్లో వచ్చిన వంద సీసీ బళ్లు అందులో సగానికే ఆగిపోయేవి. తర్వాత్తర్వాత పెద్ద బళ్లు వచ్చాయి. తారు మీద టైరు మరకలు ఏటికేడు గెడ్డ వైపు జరుగుతూ వచ్చాయి. సున్నం డబ్బా పట్టుకుని ఇంటికి పోతూ వాటిని చూసేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. నేను టైము నొక్కేవాణ్ణి, నాకెందుకులే అనుకున్నాను.

అలా కొన్నేళ్లు గడిచాక, ఒక ఏడు మెకానిక్ బావమరిది పరిగెత్తాడు. కాఫీ గింజలు కొనేవాళ్ల దగ్గర వ్యాను నడిపేవాడు. సన్నగా, చురుగ్గా ఉంటాడు. కొత్తగా కొన్న పెద్ద బండికి ఇంజను పని చేసి పెట్టింది బావే. గీత దగ్గర హెల్మెట్ బకిలీ కూడా బావే బిగించాడట.

ఆ బండి నా ముందు నుంచి పోయినప్పుడు వాచీ నొక్కి చూసుకున్నాను. పద్నాలుగు రెండు. తల ఎత్తేసరికి వెనక చక్రం పక్కకి జారుతోంది. బ్రేకు గట్టిగా తొక్కి పట్టాడు, బండి ఆగలేదు. తారు అయిపోయింది, కంకర అయిపోయింది. మనిషీ బండీ గెడ్డ ఒడ్డు మీంచి కిందికి వెళ్లిపోయారు.

అందరం పరిగెత్తాం. నీళ్లు మోకాలి లోతే ఉన్నాయి. రాళ్ల మధ్య పడి ఉన్నాడు, స్పృహలోనే ఉన్నాడు. కుడికాలు ఉండాల్సిన తీరులో లేదు. హెల్మెట్ ఒక పక్క చీలిపోయింది. ముందుగా దిగింది మెకానిక్. బావమరిది తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. అంబులెన్సు వచ్చేదాకా ఆ నీళ్లలోంచి లేవలేదు.

"ఎంతొచ్చిందో అడుగు బావా," అన్నాడు కిందపడ్డవాడు.

మెకానిక్ నా వైపు చూశాడు. వాచీ ఇంకా నా చేతిలోనే ఉంది. "పద్నాలుగు రెండు," అన్నాను. ఆ మాట అన్నందుకు తర్వాత చాలా రోజులు నా మీద నాకే అసహ్యం వేసింది.

విశాఖ పెద్దాసుపత్రిలో కాలికి రాడ్డు వేశారు. నడుస్తాడన్నారు, కానీ నెలలు పడుతుందన్నారు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన రోజే మెకానిక్ రేకు దించి, తన పేరు పైన బావమరిది పేరు, పద్నాలుగు రెండు అని రాశాడు. "తీసేడు కదా, రాయాల," అన్నాడు.

స్టేషన్ నుంచి కబురొచ్చింది. ప్రమాదం లేకుండా చేసుకుంటే మళ్లీ అడగండి, లేకపోతే అడగొద్దు అని. పంచాయతీ ఆఫీసు వరండాలో అందరూ కూర్చున్నారు. ఆపెయ్యాలన్నవాళ్లు కొందరు. హుకుంపేట జీపు డ్రైవరు లేచాడు. యాభై ఏళ్ల మనిషి, గొంతు పెద్దది, మనసూ పెద్దదే.

"పడిపోయినోడు పడిపోయినాడు. అలగని ఇరవై తగ్గిత్తారేటి? మా తాత గుర్రం మీద ఇరవై తీసేడు. మా అయ్య జీపు మీద తీసేడు. పది తీసి, పన్నెండు తీసి, నానూ ఇరవైలోనే ఉన్నానని ఎలగ సెప్పుకుంటాను?"

చాలామంది తలలూపారు. నాకు కూడా అతను చెప్పింది తప్పనిపించలేదు. దూరం మారితే వెనకటివాళ్లతో పోల్చుకునే దారే ఉండదు. మెకానిక్ మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని, "నాకు రెండు ఆదివారాలు టైమియ్యండి," అన్నాడు.

మర్నాడు స్కూలుకొచ్చాడు. "మేస్టారూ, టేపు, సున్నం, మీరూ గావాల."

ఆ రెండు ఆదివారాలు నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన మంచి పనుల్లో ఒకటిగా లెక్కేసుకుంటాను. పందెంలో పరిగెత్తే బళ్లన్నీ పిలిపించాడు. ఎవరెంత వేగంగా పోతారన్నది అతనికి పట్టలేదు. ఎంతలో ఆగుతారన్నదే కావాలి. అందరి బళ్లూ తనే నడిపాడు. పది గొలుసుల నుంచి మొదలుపెట్టి పన్నెండు, పదిహేను, అలా ఒక్కో దూరం దగ్గర బ్రేకు వేసి, ఎక్కడ ఆగితే అక్కడ నా చేత సున్నం వేయించాడు. దారి ఊడ్చి ఒకసారి, ఇసక చల్లి ఒకసారి, నీళ్లు కొట్టి ఒకసారి. నీళ్లు కొట్టిన దారి మీద రెండుసార్లు పడబోయాడు. వాళ్లావిడ గెడ్డ ఒడ్డున కూర్చుని చూసింది. మధ్యాహ్నం అంబలి గిన్నె అందించి, "ఇంకా ఎన్ని?" అని మాత్రం అడిగింది.

ఇరవై దగ్గర మాత్రం పూర్తి వేగంతో ఒక్క బండీ నడపలేదు. "ఇక్కడ ఏటవుతాదో మనకి తెలుసు కదా," అన్నాడు.

నాకొక ఆలోచన వచ్చింది. "మొదలు గీతనే ముందుకు జరిపితే? ముగిసేది అమ్మవారి రాయి దగ్గరే ఉంటుంది. ఆచారం పోదు," అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. "అప్పుడు వేగం తగ్గుతాది, నిజమే. కానీ ఆగడానికి మళ్లీ తొమ్మిది గొలుసులే. వొచ్చే ఏడు ఇంకా పెద్ద బండి వొత్తాది. అప్పుడో? ముందు ఆగడానికి ఎంత గావాలో అంతా తీసి పక్కనెట్టాల మేస్టారూ. మిగిలిందే పందెం."

పిల్లలకు పరుగు నేర్పే నాకు ఎప్పుడూ తట్టని మాట అది. మేం మొదలు గీత నుంచి ముగింపు గీతకు కొలుస్తాం. అతను గెడ్డ నుంచి వెనక్కి కొలిచాడు.

నీళ్లు కొట్టిన దారి మీద, పదిహేను గొలుసులు పరిగెత్తిన పెద్ద బండి ఎనిమిదిన్నర గొలుసుల్లో ఆగింది. దానికి ఇంకో సగం కలిపాడు, బ్రేకు తీగ తెగితేనో, మనిషి కంగారు పడితేనో అని. పదమూడుకు లోపు వచ్చింది. పదిహేను దగ్గర పందెం ముగిస్తే గెడ్డకు పద్నాలుగు గొలుసులుంటుంది. ఫోన్లో వెతికి నేను ఇంకో సంగతి చెప్పాను. బయటి దేశాల్లో కూడా ఒక పెద్ద ప్రమాదం తర్వాత అన్నిటికంటే వేగమైన బళ్లకు పావు మైలు తగ్గించి వెయ్యి అడుగులు చేశారట. లెక్క కడితే పదిహేను గొలుసులు దానికి పది అడుగులే తక్కువ.

"అయితే ఆళ్లూ గెడ్డ కాడ్నించి కొలిసేరన్నమాట," అన్నాడు.

రెండో సమావేశానికి బావమరిది కూడా చంక కర్రల మీద వచ్చాడు. వచ్చింది బావను బలపరచడానికి కాదు. "నా గురించి తగ్గించొద్దు. తప్పు నాది. బ్రేకు లేటుగా ఏసేను," అన్నాడు.

మెకానిక్ సున్నం గీతల లెక్కంతా చెప్పాడు. పదిహేను అన్నాడు. తర్వాత హుకుంపేట డ్రైవరు నిదానంగా అన్నాడు:

"ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోవొద్దు. ఇరవై ఆపేత్తే, రేకు మీద ఇరవైలో మొదటి పేరు మీ బావమరిదిది. రెండోది నీది. ఇంకెవులూ కొట్టడానికి నేదు. మీ యింటోళ్ల పేర్లు అలగే ఉండిపోతాయి. ఇది సరైందేనా?"

ఆ మాట అతను కుళ్లుతో అనలేదు. చాలామంది మనసులో ఉన్నదే అన్నాడు. మెకానిక్ ముఖం ఎర్రబడింది. లేచి బయటికెళ్లాడు. కోపమొచ్చి వెళ్లిపోయాడేమో అనుకున్నాం. పావుగంటలో తిరిగొచ్చాడు. చేతిలో రేకు, ఇంకో చేతిలో పెయింటు థిన్నర్‌లో తడిపిన గుడ్డ.

అందరి ముందూ రేకు నేల మీద పెట్టి, మొదట తన పేరు తుడిచాడు. పదిహేను నాలుగు. పదకొండేళ్లుగా అక్కడ ఉన్న అంకె. తర్వాత గుడ్డ బావమరిది వైపు చాపాడు.

"నీది నాను తుడవను. నీ కాలు పెట్టి కొన్నావు. నీ ఇష్టం."

బావమరిది గుడ్డ అందుకున్నాడు. కర్రలు పక్కన పెట్టి, కష్టంగా వంగి, తన పేరు తనే తుడుచుకున్నాడు. తుడిచాక కళ్లు ఒత్తుకున్నాడు.

ఇప్పుడు ఇరవైలో మొదటి పేరు హుకుంపేట డ్రైవరుది. పదిహేను తొమ్మిది. ఇంక ఎప్పటికీ మారనిది. ఆ మనిషి రేకు వైపు చూసి, తల దించుకుని, "నాను ఇలగ అడగనేదు," అన్నాడు.

"తెలుసు," అన్నాడు మెకానిక్. "కానీ ఇది ఉండాల. మన పిల్లలు ఇరవై ఎంతలో తీసేరో సూడాల. అందుకే రేకు పారెయ్యను. కొత్త రేకు పక్కనెడతాను."

మిగిలింది అమ్మవారి రాయి. పందెం ఇక రాయికి అయిదు గొలుసుల ముందే ముగుస్తుంది. అది అమ్మవారికి అపచారమేమోనని ముసలివాళ్లు గునిశారు. అందరూ దిసారి వైపు చూశారు. ఆయన చుట్ట తీసి మెల్లగా చెప్పాడు.

"ఇన్నేళ్లూ ఆ తల్లి ముందు నుంచి దుమ్ము లేపుకుంటా పోయేరు. ఒక్కడైనా ఆగినాడేటి? గుర్రాలప్పుడు దిగి దణ్ణం పెట్టీవోళ్లు. మా అయ్య సెప్పీవోడు. బండి ఆగినాక, ఎనక్కి తిరిగి మెల్లిగా ఆ తల్లి కాడికి రండి. దిగి దణ్ణం పెట్టండి. అప్పుడే మేస్టారు టైము సదవాల. దణ్ణం పెట్టనోడికి టైము నేదు."

ఆచారాన్ని తగ్గించి ప్రాణాలు కాపాడుకుందామని మేమంతా కూర్చుంటే, ఆయన మరుగునపడ్డ పాత ఆచారాన్ని తెచ్చి, మనిషి క్షేమంగా తిరిగొస్తేనే అంకె చదవాలని తేల్చేశాడు. స్టేషన్ అధికారికి ఈ లెక్కలన్నీ కాగితం మీద రాసి నేనే తీసుకెళ్లాను. ఆయన చదివి, ఒకసారి దారి చూస్తానని వచ్చి, నా సున్నం గీతల పక్కన నడిచి, సరేనన్నాడు.

మరుసటి ఏడు జనం ఎప్పటికంటే ఎక్కువ వచ్చారు. చూద్దామని కొందరు, వెక్కిరిద్దామని కొందరు. నా స్టూలు ఈసారి పదిహేనో గొలుసు దగ్గర. బావమరిది గెడ్డ ఒడ్డున ఎర్రజెండా పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. మొదటి పరుగు హుకుంపేట డ్రైవరుకు ఇచ్చారు. గీత దాటగానే వేగం తగ్గించి, నింపాదిగా ఆగి, తిరిగి వచ్చి అమ్మవారి ముందు దిగాడు. దణ్ణం పెట్టాడు. తర్వాత నేను రాయి దగ్గరికి నడిచి వెళ్లి టైము చదివాను. చప్పట్లు మామూలుగానే పడ్డాయి. కొత్త దూరానికి ఇంకా ఎవరి మనసూ అలవాటు పడలేదు.

నాలుగో జోడీలో జరిగింది. బొర్రా వైపు నుంచి వచ్చిన ఒక టీచరు, పెద్ద బండి. గీత దాటి ముందు బ్రేకు పట్టేసరికి అది పట్టలేదు. లివరు ఖాళీగా హ్యాండిల్‌కు అంటుకుపోయింది. వెనక బ్రేకు ఒక్కటే. ఆమె కంగారు పడలేదు. గేర్లు ఒక్కొక్కటే తగ్గించుకుంటూ, దారి మధ్యలోనే ఉంచుకుంటూ పోయింది. అమ్మవారి రాయి దాటింది, పాత టైరు మరకలు దాటింది. నేను లేచి నిలబడ్డాను. ఎర్రజెండా పట్టుకున్నవాడు కర్ర లేకుండానే లేచాడు. బండి ఆగింది.

హుకుంపేట డ్రైవరు జనంలోంచి బయటికొచ్చి, బండి ముందు చక్రం దగ్గర నుంచి గెడ్డ దాకా అడుగులు వేసుకుంటూ నడిచాడు. ముప్ఫై నాలుగు అడుగులు. అక్కడ నిలబడి కిందికి, రాళ్ల వైపు చూశాడు. తిరిగొచ్చి మెకానిక్ భుజం మీద చెయ్యి వేశాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు.

ఆ టీచరు బండిని నడిపించుకుంటూ అమ్మవారి దగ్గరికి వచ్చింది. హెల్మెట్ తీసి దణ్ణం పెట్టుకుంది. తర్వాత, అప్పటికే అక్కడికి చేరుకున్న నా వైపు తిరిగి, "ఎంతొచ్చింది సార్?" అని అడిగింది.

వాచీ చూసి చదివాను. అప్పటికి ఆ రోజు అందరికంటే మంచి టైము ఆమెదే. మెకానిక్ కొత్త రేకు మీద ఆమె పేరు రాసి, రంగు ఆరకముందే ఆమె బండి పక్కన కూర్చుని బ్రేకు తీగ విప్పడం మొదలుపెట్టాడు.